లెజెండ్స్ డ్రాఫ్ట్‌లో ఎవర్ని ఎంచుకోవాలి: జోర్డాన్, లెబ్రాన్, కరీమ్... ఆ తర్వాత?

పదిమంది ఒకచోట చేరి, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలోని ఆటగాళ్లందరినీ ముందు పెట్టుకుని, వంతులవారీగా ఒక్కొక్కరినీ ఎంచుకుంటూ జట్లు కట్టే ఆట ఇది. మొదలవగానే మొదటి పావుగంట ఎప్పుడూ ఒకే గొడవకు పోతుంది: జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా? ఆ వాదనకు అంతూ పొంతూ లేదు. డ్రాఫ్ట్‌లో కూర్చున్నవాడు అడగాల్సిన ప్రశ్న వేరు. ఇతన్ని ఇప్పుడు వదిలేస్తే, మళ్లీ నా వంతు వచ్చేసరికి ఇతని పని చేయగలిగినవాడు ఇంకెవరైనా మిగిలి ఉంటాడా? ఎవరు గొప్ప అన్న లెక్కతోనే ఐదు రౌండ్లూ నడిపించినవాడి జట్టులో ఐదుగురు మహామహులుంటారు. బంతి మాత్రం ఒక్కటే ఉంటుంది.

కింద చెప్పేదంతా పదిమంది ఆడే స్నేక్ డ్రాఫ్ట్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మొదటి రౌండ్ ఒకటి నుంచి పది దాకా వెళ్తుంది, రెండోది పది నుంచి వెనక్కి వస్తుంది. కాబట్టి మొదటి పిక్ (ఎంచుకునే వంతు) ఉన్నవాడికి ఆ తర్వాత దక్కేవి 20, 21. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

పేర్లు పిలవకముందు

ముందు తేల్చుకోవాల్సింది, ఆటగాడి ఏ రూపం మన జట్టులోకి వస్తున్నాడన్నది. ఒక్క బెస్ట్ సీజనా, మొత్తం కెరీరా? బిల్ వాల్టన్ సంగతి చూడండి. 1977లో పోర్ట్‌లాండ్‌కి టైటిల్ తెచ్చి ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, మరుసటి ఏడాది లీగ్ ఎంవీపీ. తర్వాత పాదాల గాయాలు అతన్ని లేవనివ్వలేదు, కెరీర్ మొత్తం మీద ఆడింది 468 లీగ్ మ్యాచ్‌లే. బెస్ట్ సీజన్ లెక్క అయితే మూడో రౌండ్‌లో వాల్టన్ దొరకడం జాక్‌పాట్. కెరీర్ లెక్క అయితే అతన్ని తీసుకున్నవాడిని చూసి మిగతా తొమ్మిదిమందీ నవ్వుకుంటారు. కరీమ్ అబ్దుల్ జబ్బార్ విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. 20 సీజన్లు, 6 ఎంవీపీలు, 38,387 పాయింట్లు. 1971లో ఒకసారి ఫైనల్స్ ఎంవీపీ, మళ్లీ 1985లో, 38 ఏళ్ల వయసులో. కెరీర్ మొత్తం లెక్క అన్నారంటే మొదటి పిక్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు, కరీమ్ పేరు చెప్పేయొచ్చు.

తర్వాత, ఏ కాలపు రూల్స్ కింద ఆడుతున్నారు? త్రీ పాయింట్ లైన్ (దీని అవతలనుంచి వేసిన షాట్‌కి మూడు పాయింట్లు, దాన్నే త్రీ అంటారు) ఎన్‌బీఏలోకి వచ్చింది 1979-80 సీజన్‌లో. జోన్ డిఫెన్స్‌కి (ఒక్కో ఆటగాడిని కాకుండా కోర్టులో ఒక్కో భాగాన్ని కాయడానికి) దారి తెరిచింది 2001-02లో. ముందు ఆడేవాడి మీద చెయ్యి వేసి ఆపడాన్ని గట్టిగా ఫౌల్‌గా ఊదడం మొదలైంది 2004-05లో. పాత రూల్స్ అంటే త్రీలకి పేరుపడ్డ స్టెఫ్ కర్రీ విలువ సగానికి పడిపోతుంది. ఇప్పటి రూల్స్ అంటే అతను మొదటి ఐదు పిక్‌లలో పోతాడు. దీన్ని ముందే తేల్చుకోకపోతే చివర్లో ఓట్లు వేసేటప్పుడు ప్రతివాడూ తన జట్టుకి అనుకూలమైన కాలాన్నే పట్టుకు కూర్చుంటాడు.

ఇక గెలుపు తేల్చేది ఎవరన్నది. అందరూ ఓట్లేస్తారా, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ నడుపుతుందా? సాఫ్ట్‌వేర్ అయితే ఒక చిక్కుంది. బ్లాకులు (షాట్‌ని గాల్లోనే ఆపడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) అధికారికంగా లెక్కపెట్టడం 1973-74 నుంచే మొదలైంది. బిల్ రసెల్ 1969లోనే ఆట మానేశాడు. బ్లాక్ చేయడాన్నే ఒక కళగా మార్చినవాడి పేరు పక్కన రికార్డులో ఒక్క బ్లాక్ కూడా కనబడదు. అంకెలు తప్ప ఇంకేమీ తెలియని ప్రోగ్రామ్‌కి రసెల్ అంటే ఫ్రీత్రోలు (ఫౌల్‌కి దక్కే షాట్లు) సరిగా వేయలేని ఒక రీబౌండర్ (తప్పిన షాట్ బంతిని అందుకునేవాడు).

మొదటి పిక్

జోర్డాన్, లెబ్రాన్, కరీమ్. ఈ ముగ్గురిని దాటి మొదటి పిక్ వాడేవాళ్లు అరుదు, వాడక్కర్లేదు కూడా.

జోర్డాన్ తరఫున అందరూ మొదట చెప్పేది ఆరు ఫైనల్స్‌లో ఆరు టైటిళ్లు. చెప్పుకోవచ్చు గానీ, రింగులే (టైటిల్‌కి దక్కే ఉంగరాలే) కొలబద్ద అనుకుంటే రాబర్ట్ హోరీకి 7 ఉన్నాయి. నా దృష్టిలో అంతకంటే బలమైన ఆధారం 1987-88 సీజన్. ఆ ఒక్క ఏడాదిలోనే లీగ్‌లో అందరికంటే ఎక్కువగా సగటున 35 పాయింట్లు, ఎంవీపీ, దాంతోపాటు డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. స్కోరింగ్ భారం అంతా మోసే మనిషి అవతలి జట్టు బెస్ట్ గార్డ్‌ని కూడా తనే ఆపుతాడంటే, మీ మిగతా నలుగురిని ఎంచుకోవడంలో మీకు దొరికే స్వేచ్ఛ అంతా ఇంతా కాదు. అతని వంక ఒక్కటే, త్రీ. కెరీర్ మొత్తం మీద 32.7 శాతం. ఎదుటివాడు 1995-96లో 42.7 శాతం అంటూ ఒక అంకె తీస్తాడు. అంతకుముందు సీజన్‌లోనే లైన్‌ని ముందుకు జరిపి అంతటా 22 అడుగులు చేశారని అప్పుడు గుర్తు చేయండి. మామూలు దూరం 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లోనే 22.

లెబ్రాన్ బలం ఇంకో రకం. 2023 ఫిబ్రవరి 7న కరీమ్ పాయింట్ల రికార్డు దాటాడు, ఏడాది తిరక్కుండానే కాకపోయినా 2024 మార్చికల్లా 40,000 కూడా దాటేశాడు. డ్రాఫ్ట్‌కి పనికొచ్చేది మాత్రం ఆ అంకె కాదు, అతను ఏ స్థానంలోనైనా ఇమిడిపోవడం. 2019-20లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ అసిస్టులు (బుట్టలో పడిన షాట్‌కి అందించిన పాస్‌లు) ఇచ్చింది అతనే, అదీ 35 ఏళ్ల వయసులో. బంతి నడిపించే పాయింట్ గార్డ్‌గా పెట్టుకోండి, లోపల ఆడే పవర్ ఫార్వర్డ్‌గా పెట్టుకోండి, మీ తర్వాతి రౌండ్లలో ఎవరు మిగిలితే వాళ్లని బట్టి అతన్ని జరుపుకోవచ్చు. 20వ పిక్ దాకా కాచుకుని కూర్చోవాల్సినవాడికి ఇది చిన్న సౌకర్యం కాదు.

మరి ఎవరిని? ఇక్కడే ముందు అడిగిన ప్రశ్న పనికొస్తుంది. ఒక్కో స్థానంలో ఎంత లోతుందో చూడండి. సెంటర్లు (బుట్ట దగ్గర ఆడే పొడుగువాళ్లు): కరీమ్, రసెల్, విల్ట్, షాక్, హకీమ్, యోకిచ్, మోజెస్ మలోన్, డేవిడ్ రాబిన్సన్. ఎనిమిదో పేరు దగ్గరికి వచ్చినా డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్, లీగ్ ఎంవీపీ రెండూ గెలిచినవాడు దొరుకుతున్నాడు. షూటింగ్ గార్డులు: జోర్డాన్, కోబీ, జెర్రీ వెస్ట్, డ్వేన్ వేడ్. నాలుగు పేర్లయ్యాక మెట్టు దిగిపోతుంది. తర్వాత వచ్చేవాళ్లు మంచి స్కోరర్లే. కానీ రెండు వైపులా ఆడేవాళ్లు, రాత్రికి రాత్రి మ్యాచ్ మలుపు తిప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అందుకే స్థానాలు కచ్చితంగా పాటించాలన్న రూల్ ఉంటే జోర్డాన్. కరీమ్‌ని వదిలినా 20వ పిక్‌లో రాబిన్సన్ స్థాయి సెంటర్ మిగిలే అవకాశం ఎక్కువ, జోర్డాన్‌ని వదిలితే అలాంటి ఊరట ఉండదు. ఎవర్ని ఎక్కడైనా ఆడించుకోవచ్చు అంటే లెబ్రాన్. నన్ను మొదటి కుర్చీలో కూర్చోబెట్టి రూల్స్ ఏమీ చెప్పకపోతే జోర్డాన్ పేరే చెబుతాను.

రసెల్, విల్ట్

ఈ జంట గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే డ్రాఫ్ట్‌లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

1961-62లో విల్ట్ చాంబర్లెయిన్ సగటు 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు. మ్యాచ్ నిడివి 48 నిమిషాలైతే అతను సగటున ఆడింది 48.5, ఓవర్‌టైమ్‌లు కలిసి. మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో నిక్స్ మీద 100 పాయింట్లు వేసింది కూడా ఆ సీజన్‌లోనే. కెరీర్ మొత్తం మీద ఫ్రీత్రోలు 51 శాతమే వేసిన మనిషి ఆ రాత్రి 32కి 28 వేశాడు. మరి ఆ ఏడాది ఎంవీపీ ఎవరు? రసెల్. అప్పట్లో ఓటు వేసేది విలేకరులు కాదు, ఆటగాళ్లే. రోజూ ఆ ఇద్దరితోనూ ఢీకొట్టినవాళ్లు రసెల్‌ని ఎంచుకున్నారు. ఆ సీజన్ ఈస్ట్ విభాగం ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో రసెల్ జట్టు సెల్టిక్స్ 109-107తో విల్ట్ జట్టుని ఇంటికి పంపింది.

విల్ట్ అంకెలు చూసి కళ్లు తిరిగినప్పుడు ఇంకో సంగతి గుర్తుచేసుకోవాలి. ఆ రోజుల్లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి 100కి పైగా షాట్లు వేసేది, వాటిలో సగం కూడా పడేవి కావు. ఇప్పుడు 90కి అటూ ఇటూగా వేస్తున్నారు. తప్పిపోయే షాట్లు అన్ని ఉంటే రీబౌండ్లూ అన్ని ఉంటాయి. అదే సీజన్‌లో ఆస్కార్ రాబర్ట్‌సన్ సాధించిన 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టుల సగటునూ ఈ కళ్లద్దాలతోనే చూడాలి. అంతమాత్రాన ఆస్కార్ చిన్నవాడైపోడు. అతన్ని మొదటి రౌండ్‌లో తీసుకోవాలా, రెండో రౌండ్ చివర్లోనా అన్నదే తేడా.

రసెల్ సంగతి: 13 సీజన్లు, 11 టైటిళ్లు, అందులో చివరి రెండూ ఆటగాడూ కోచ్ రెండూ తనే అయి. పాయింట్ల సగటు 15.1 మాత్రమే. డ్రాఫ్ట్‌లో అతని విలువంతా అక్కడే ఉంది మరి. అతనికి బంతి అక్కర్లేదు. మిగతా నలుగురూ స్కోర్ చేయగలవాళ్లయితే, లోపల గోడలా నిలబడి, బ్లాక్ చేసిన బంతిని స్టాండ్స్‌లోకి కొట్టకుండా తనవాళ్ల చేతికే తోసి, అవతలివాళ్లు సర్దుకునేలోపే దూసుకెళ్లే ఫాస్ట్ బ్రేక్ మొదలుపెట్టే సెంటర్ ఇంకెక్కడ దొరుకుతాడు? సిమ్యులేషన్ అయితే విల్ట్, సందేహం లేదు. మనుషులు ఓట్లేస్తే, మీ జట్టులో ముందే ఇద్దరు స్కోరర్లుంటే రసెల్. విల్ట్‌ని తీసుకుంటే అతని చుట్టూ జట్టు కట్టాలి, అంత ఓపిక రెండో రౌండ్ నుంచీ ఉండాలి. 1967లో విల్ట్ మొదటి టైటిల్ గెలిచిన సిక్సర్స్ జట్టులో అతను షాట్లు తగ్గించుకుని పాస్‌లు పెంచుకున్నాడన్నది ఓటు అడిగేటప్పుడు వాడుకోదగ్గ వాదన. మరుసటి సీజన్‌లో లీగ్‌లో మొత్తం అసిస్టుల్లో అతనే మొదటివాడు.

మ్యాజిక్, కర్రీ: ఒకే ఒరలో ఇమడని కత్తులు

పాయింట్ గార్డ్ ఎంపిక మీ మొదటి పిక్ ఎవరన్న దాని మీద ఆధారపడాలి. లెబ్రాన్‌ని తీసుకున్నవాడు మళ్లీ మ్యాజిక్ జాన్సన్‌ని తీసుకుంటే ఒకే పనికి ఇద్దరిని పెట్టుకున్నట్టు. ఇద్దరికీ బంతి చేతిలో ఉండాలి, ఇద్దరూ దూరం నుంచి భయపెట్టేవాళ్లు కాదు. కర్రీ అలా కాదు. బంతి లేకుండా పరిగెడుతూనే ఇద్దరు డిఫెండర్లని తన వెంట లాక్కెళ్తాడు. 2015-16లో 402 త్రీలు వేశాడు, అంతకుముందున్న రికార్డు 286, అదీ అతనిదే. ఇలాంటివాడు పక్కనుంటే లోపల షాక్‌కి గానీ, బుట్ట వైపు దూసుకెళ్లే లెబ్రాన్‌కి గానీ దారి దానంతటదే ఖాళీ అవుతుంది.

కర్రీ వంక డిఫెన్స్, దాన్ని చూడాలంటే 2016 ఫైనల్స్ ఏడో మ్యాచ్ ఆఖరి రెండు నిమిషాలు చాలు. స్కోరు 89-89. కర్రీ జట్టువాడు ఇగ్వొడాలా బుట్ట దగ్గర లేఅప్‌కి లేచాడు, వెనకనుంచి పరిగెత్తుకొచ్చిన లెబ్రాన్ దాన్ని బోర్డుకేసి కొట్టి ఆపాడు. తర్వాత లెబ్రాన్ జట్టు క్లీవ్‌లాండ్ వాళ్లు కావాలనే స్క్రీన్ పెట్టి (డిఫెండర్ దారికి అడ్డం నిలబడి) కర్రీని తమవాడు కైరీ అర్వింగ్ ముందుకి తెచ్చారు. 53 సెకన్లుండగా కైరీ అతని మీంచి త్రీ వేశాడు. మళ్లీ అవతలి కొసలో క్లీవ్‌లాండ్ ఆటగాడు కెవిన్ లవ్ కర్రీకి ఎదురుపడ్డాడు. అంత పొడుగు మనిషి, కాళ్లలో అంత వేగం లేనివాడు, అయినా కర్రీని షాట్ వేయనివ్వకుండా అటూ ఇటూ తిప్పి, చివరికి వేసిన షాట్ తప్పిపోయేలా చేశాడు. ఆ సిరీస్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు అన్నింట్లోనూ రెండు జట్లలోకీ లెబ్రానే మొదటివాడు. కర్రీని తీసుకుంటే ఇంకో గార్డ్ గట్టి డిఫెండర్ అయ్యుండాలి, అంతే. జోర్డాన్, వెస్ట్, సిడ్నీ మాంక్రీఫ్, ఎవరైనా సరే.

మ్యాజిక్‌ని తక్కువ చేయడం లేదు. 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో కరీమ్ చీలమండ గాయంతో ఆడకపోతే, లీగ్‌కి కొత్తగా వచ్చిన ఈ పాయింట్ గార్డ్ సెంటర్‌గా, మ్యాచ్ మొదలుపెట్టే జంప్ బాల్‌కి నిలబడి 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్టులతో టైటిల్ తెచ్చాడు. మీ మొదటి పిక్ కరీమ్, డంకన్ లేదా డర్క్ నొవిట్స్కీ లాంటి పొడుగు స్కోరర్ అయితే, వాళ్లకి బంతి అందించడానికి మ్యాజిక్‌ని మించినవాడు లేడు.

ఫార్వర్డుల్లో బర్డ్, డ్యురాంట్ మధ్య నేను పెద్దగా కొట్టుకోను. ఇద్దరిలో ఎవరైనా ఏ జట్టులోనైనా ఇమిడిపోతారు. బర్డ్ పాస్‌లు బాగా ఇస్తాడు, డ్యురాంట్‌ని ఆపడం ఇంకా కష్టం. వరస బట్టి మిగిలినవాడిని తీసుకోండి. పవర్ ఫార్వర్డ్ అంటే డంకన్, చర్చ అవసరం లేదు. 2003 ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు, 8 బ్లాకులు. ఇంకో రెండు బ్లాకులుంటే నాలుగింట్లోనూ రెండంకెలు. కార్ల్ మలోన్ పాయింట్లు చూపించి ఎవరైనా వాదిస్తే వాదించనివ్వండి.

షాక్ కావాలా, హకీమ్ కావాలా

ఓట్లలో షాక్ గెలుస్తాడు. 2000 ఫైనల్స్‌లో 38 పాయింట్లు, 16.7 రీబౌండ్ల సగటు ఎవరూ మర్చిపోరు. కానీ ఫ్రీత్రోలు 52.7 శాతం. ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్లు కావాలనే అతని మీద ఫౌల్ చేస్తే, మీ జట్టులో ఎంతమంది లెజెండ్స్ ఉన్నా అందరూ నిలబడి చూడాల్సిందే. హకీమ్ ఒలాజువాన్ ఫ్రీత్రోలు 71 శాతం. బ్లాకులు 3,830, ఇప్పటికీ లీగ్ రికార్డు. 1994లో ఎంవీపీ, డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ ఒకే ఏడాది. లాగోస్‌లో చిన్నప్పుడు హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడిన కాళ్లు కాబట్టి, గార్డులు ముందుకొచ్చినా జరగగలడు. 1995 ఫైనల్స్‌లో వీళ్లిద్దరే ఎదురెదురయ్యారు, హకీమ్ జట్టు 4-0. ఆ షాక్ ఇంకా కుర్రవాడే అని అవతలివాడు అంటాడు, అదీ నిజమే. నాకు నచ్చేది ఏమిటంటే, మామూలుగా షాక్ ఆరో ఏడో పిక్‌లో పోతే హకీమ్ పదో పిక్ దాకా మిగులుతుంటాడు. పదో కుర్చీలో కూర్చున్నవాడు 10, 11 పిక్‌లలో హకీమ్, బర్డ్ తీసుకుంటే జోర్డాన్ ఉన్నవాడికంటే నిశ్చింతగా నిద్రపోవచ్చు.

పేర్ల బరువు చూసి మోసపోవద్దు అనడానికి 2004 ఒక్కటే రెండు ఉదాహరణలు ఇచ్చింది. లేకర్స్‌లో షాక్, కోబీ, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్. నలుగురూ డ్రాఫ్ట్ చేయదగ్గవాళ్లే. డెట్రాయిట్‌లో అలాంటి పేరు ఒక్కటీ లేదు. ఫైనల్స్ 4-1తో డెట్రాయిట్‌దే. మలోన్ మోకాలి గాయం ఒక కారణం. పేటన్‌కి కోర్టులో సరైన పనే దొరక్కపోవడం ఇంకో కారణం. అదే ఏడాది ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో డంకన్, ఐవర్సన్, కుర్ర లెబ్రాన్, వేడ్ ఉన్న అమెరికా జట్టు మొదటి మ్యాచ్‌లోనే ప్యూర్టోరికో చేతిలో 92-73తో ఓడింది. ఆ మ్యాచ్‌లో త్రీలు 24కి 3. జట్టు నిండా ఆటగాళ్లున్నారు, దూరం నుంచి వేసేవాడు లేడు. చివరికి దక్కింది కాంస్యం.

కాబట్టి మూడో రౌండ్ దాటాక నేను జాబితా పక్కన పెట్టేసి, నా జట్టుకి ఏం లేదో చూస్తాను. జోర్డాన్‌తో మొదలుపెట్టి, 20, 21లలో రాబిన్సన్, డర్క్‌లని పట్టుకున్నవాడికి కావాల్సింది ఇంకో స్కోరర్ కాదు. బంతి నడిపిస్తూ అవతలి ఫార్వర్డ్‌ని ఆపే స్కాటీ పిపెన్ అయితే సరిపోతాడు, అదృష్టవశాత్తూ అతని పేరు చాలామందికి ఆలస్యంగా గుర్తొస్తుంది. పాయింట్ గార్డ్‌గా జాన్ స్టాక్టన్ ఐదో రౌండ్‌లో కూడా మిగలొచ్చు. 15,806 అసిస్టులు, 3,265 స్టీల్స్, రెండూ లీగ్ రికార్డులే. మీ దగ్గర ఇద్దరు ముగ్గురు మంచి షూటర్లుంటే డెనిస్ రాడ్‌మన్‌ని తీసుకోండి. వరసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో మొదటివాడు, షాట్ ఒక్కటీ అడగడు. షూటర్లు లేకుండా రాడ్‌మన్‌ని తీసుకుంటే మాత్రం అవతలి జట్టు అతన్ని వదిలేసి మీ స్టార్ మీద ఇద్దరిని పెడుతుంది.

లెబ్రాన్ మీ దగ్గరుంటే చివరి పిక్‌కి రే అలెన్. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో మయామీ మూడు పాయింట్లు వెనకపడి ఉంది, లెబ్రాన్ వేసిన త్రీ తప్పింది, సహచరుడు బాష్ రీబౌండ్ అందుకున్నాడు. అలెన్ బంతి వైపు పరిగెత్తలేదు, వెనక్కి అడుగులేసుకుంటూ కుడి మూలకి, లైన్ అవతలికి వెళ్లి నిలబడ్డాడు. 5.2 సెకన్లుండగా స్కోరు సమం. బెంచ్ కూడా ఉన్న డ్రాఫ్ట్ అయితే రెజ్జీ మిల్లర్‌ని, క్లే థాంప్సన్‌ని కూడా ఇదే లెక్కన చూడండి. క్లేకి డిఫెన్స్ అదనం, పైగా అతన్ని ఎవరూ తొందరగా పిలవరు.